మొగలి పొదకి పట్టా ఉండదు

మా పెద్దమ్మ ఫోన్ చేసేసరికి పొద్దున్న ఏడు కూడా కాలేదు, షాపు షట్టర్ సగం ఎత్తి ఊడుస్తున్నాను. "ఏటే పాపా, ఇమానాల మైదానం పెంచుతారంట గదా, మన గట్లన్నీ అందులోకే పోతాయంట, నీకు కాయితాలొస్తాయి గదా, ఏటైనా తెలుసా" అంది. ఎవరు చెప్పారు పెద్దమ్మా అంటే మనవడి ఫోన్లో ఫొటో వచ్చిందట, నాకూ పంపించమన్నాను. చూస్తే ఒడియా పేపర్ కటింగ్, పైన తేదీ ఉండే ముక్క కత్తిరించేసి ఉంది, పాతదో కొత్తదో తెలీదు, ఎన్ని ఫోన్లు తిరిగొచ్చిందో అక్షరాలన్నీ అలికేసినట్టున్నాయి. మా బరంపురం పక్కనున్న రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్‌ని, అంటే చిన్న విమానాలు దిగే మైదానాన్ని, పెద్దది చేస్తారన్న మాట మాకు కొత్త కాదు, ఏళ్ళ తరబడి వింటున్నాం, ప్రతిసారీ ఇలాగే ఏదో ఒక ఫొటో తిరుగుతుంది, ఊళ్ళో వారం రోజులు ఎవరికీ నిద్రలుండవు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు.

ఈసారి అలా వదిలేయబుద్ధి కాలేదు, అందుకే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలీనివాళ్ళకి చెప్తా, మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మేం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం, మ్యాపులో గీత జరిగింది గానీ మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు, అందుకే బరంపురం బజార్లోనూ గోపాల్‌పూర్ ఒడ్డునా ఇప్పటికీ ఇంత తెలుగు వినిపిస్తుంది. నాది జిరాక్స్, డీటీపీ షాపు. అర్జీలు, అఫిడవిట్లు, పెళ్ళి కార్డులు, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు ఏది కావాలంటే అది టైప్ చేస్తా. మూడూ చదవడం వచ్చు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళ తెలుగువాళ్ళు ఏ నోటీసొచ్చినా నా దగ్గరికి పట్టుకొస్తారు. మాట్లాడేటప్పుడు వాళ్ళకి ఒడియా బాగానే వచ్చు, సంతలో బేరం ఆడతారు, తగువు పడతారు, కానీ అక్షరం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు, చదువుకున్న ఆ నాలుగు ముక్కలూ తెలుగులో చదువుకున్నవే.

ముందే ఒక మాట. నేను విమానాశ్రయం వద్దనే మనిషిని కాను. మా వైపు ఊళ్ళ కుర్రాళ్ళు ఎంతోమంది సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు, ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదకొస్తే రైల్లో కూర్చుని ఫోన్ పట్టుకుని ఏడుస్తూ రావడమే, వచ్చేసరికి దహనం అయిపోయి బూడిద దగ్గర కూలబడ్డవాళ్ళని నా కళ్ళతో చూశాను. భువనేశ్వర్ మాకు దాదాపు 170 కిలోమీటర్లు, విశాఖ ఇంకా దూరం. కొరాపుట్ జిల్లా జయపురం నుంచి 2022 అక్టోబర్ 31న భువనేశ్వర్‌కి తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైతే అక్కడి మా చుట్టాలు రన్‌వే పక్కన నిలబడి ఫొటోలు దిగి పెట్టారు, నాకూ సంతోషం వేసింది. మాకూ రావాలి. రాబోయేముందు చూడాల్సినవన్నీ చూడాలి, అడగాల్సినవాళ్ళని వాళ్ళు చదవగలిగే భాషలో అడగాలి, నేను కోరేది ఇదే.

పెద్దమ్మ చెప్పే గట్లు అంటే మొగలి గట్లు. గంజాం మొగలి పువ్వు గురించి బయట చాలామందికి తెలీదు, దేశంలో మొగలి అత్తరు, మొగలి నీళ్ళు తయారయ్యేదాంట్లో చాలా పెద్ద భాగం మా జిల్లాదే, మొగలినే కేవడా అని కూడా అంటారు, గంజాం కేవడా పువ్వుకి జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదన్న భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఛత్రపూర్, రంగైలుండ, చికిటి వైపు పొలం గట్ల మీద, కాలవల పక్కన, ఇసక దిబ్బల మీద పొదలు పొదలుగా ఉంటుంది. ఆకుకి రెండు అంచులా ముళ్ళే, కింద నడి ఈనె పొడుగునా ముళ్ళే, చెయ్యి పెడితే రంపం లాగినట్టే. మగ చెట్టు పువ్వుకే వాసన. వానాకాలంలో కోతలు జోరుగా ఉంటాయి, తెల్లారకుండానే పెద్దమ్మ దోటికి కొక్కెం కత్తి కట్టుకుని, చేతులకి పాత చీర గుడ్డ చుట్టుకుని బయల్దేరుతుంది, పొదలో పాములుంటాయని ముందు దోటితో నేల మీద రెండు దెబ్బలు కొడుతుంది. లోపల లేత పసుపు రంగు రేకు తొడిగిన మొగ్గ కనిపిస్తే కింద నుంచి మెలిపెట్టి లాగాలి, విరిచేస్తే రేకులు విడిపోయి వాసన పోతుంది. ఎండెక్కకుండా బట్టీకి చేర్చాలి, ఆలస్యమైతే కొనేవాడు మూతి విరుస్తాడు, ఎందుకంటే మొగలి వాసన ఎవరి కోసం ఆగదు, గంట గంటకీ పోతూనే ఉంటుంది. బట్టీలో రాగి డేగిసాల్లో నీళ్ళు పోసి, పువ్వులేసి, మట్టితో మూత బిగించి కాస్తారు, ఆవిరి గొట్టంలోంచి పోయి చల్లారి నూనెలో దిగితే అత్తరు అవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకి పేరున్న కనౌజ్ వాళ్ళు కొంటారు. మిఠాయిల్లో వేసుకునే కేవడా నీళ్ళు కూడా ఇలాంటి బట్టీల్లోంచి వచ్చేవే. శివుడి పూజకి పనికిరాదని పక్కన పెట్టిన పువ్వు మా ఊళ్ళలో ఎన్ని ఇళ్ళ పొయ్యి వెలిగిస్తుందో చెప్పలేను.

ఇక్కడ అసలు సంగతి, గట్టు ఒకరిది, కోసేది ఇంకొకరు. పెద్దమ్మకి సెంటు భూమి లేదు. రెండు మూడు గట్లు ఏడాదికింత అని మాట్లాడుకుని కోసుకుంటుంది, మిగతాది సర్కారు జాగా, కాలవ గట్టు, ఎవరూ అడగరు. రేపు భూమి తీసుకుంటే పట్టా ఉన్నాయనకి డబ్బులొస్తాయి, రావాలి కూడా. పెద్దమ్మకి? 2013 భూసేకరణ చట్టంలో భూమి లేకపోయినా ఆ భూమి మీద ఆధారపడి బతికేవాళ్ళని కూడా నష్టపోయిన కుటుంబంగా లెక్కించమని ఉంది, సామాజిక ప్రభావ అధ్యయనం చేసి స్థానిక భాషలో పంచాయతీకి ఇవ్వమనీ ఉంది. కానీ లెక్కలో పడాలంటే ముందు ఎవరో వచ్చి అడగాలి, ఆవిడ చెప్పాలి, చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పడాలి. ఆ మూడోది జరగకపోవడం నేను దగ్గరుండి చూశాను.

కొన్నేళ్ళ కిందటి మాట, మా జిల్లాలోనే వేరే ప్రాజెక్టు, పేరు రాయను. ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేశారు, కుర్చీలు, నీళ్ళ ప్యాకెట్లు, మైకు. పెద్దమ్మని నేనే తీసుకెళ్ళా. రిపోర్టు సంక్షిప్తం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ టేబుల్ మీద పెట్టారు, నేను తిరగేశా, మొక్కల జాబితాలో మొగలి ఒక లాటిన్ పేరుతో ఉంది, పక్కన "పొద" అని ఉంది, అంతే. పెద్దమ్మ వంతు వచ్చింది. మైకు చేత్తో పట్టుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. తెలుగులోనే మాట్లాడింది, నాలుగైదు నిమిషాలు, ఏ గట్టు మీద ఎన్ని పొదలు, ఏ నెల్లో ఎన్ని పువ్వులు, కాలవ మూసేస్తే నీళ్ళు ఎటు తన్నుతాయి, తుపానొచ్చినప్పుడు ఈ పొదలు ఇసకని ఎలా పట్టుకున్నాయి, అన్నీ చెప్పింది. ఎవరూ ఆపలేదు, ఆ మర్యాద చేశారు. చివర్లో మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్నది, చదివారు, ఒడియాలో. ఆవిడ మాటల దగ్గరికొచ్చేసరికి నేను చెవులు రిక్కించి విన్నా, ఒకే ఒక్క వాక్యం, ఒక మహిళ స్థానికులకి ఉపాధి కావాలని కోరింది అని. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని "నాను సెప్పింది సదివేరా?" అని అడిగింది. చదివారు పెద్దమ్మా అన్నాను. ఆ అబద్ధం నన్ను ఇప్పటికీ తినేస్తూ ఉంటుంది, లేచి నిలబడి అది తప్పు, సరిచేయండి అని అప్పుడే అడగాల్సింది. మినిట్స్ చదివి వినిపించేది అందుకే, అక్కడున్నవాళ్ళు ఒప్పుకున్నాకే సంతకం పడాలి. నాకప్పుడు ఆ సంగతి తెలీదు.

తర్వాత కూర్చుని నోటిఫికేషన్ మొత్తం చదివాను. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చింది. కమర్షియల్‌గా వాడే విమానాశ్రయాలు, ఎయిర్‌స్ట్రిప్‌లు షెడ్యూల్‌లో 7(ఎ) కింద వస్తాయి, ఢిల్లీలో కేంద్ర మంత్రిత్వ శాఖే అనుమతివ్వాలి. అయితే పక్కనే ఒక చిన్న నోట్, ఇంధనం నింపే ఏర్పాటు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ లేని ఎయిర్‌స్ట్రిప్‌లకి మినహాయింపు అని. కాబట్టి మీ ఊరి ఎయిర్‌స్ట్రిప్ గురించి ఏమీ అడగలేదేంటి అనుకుంటే ముందు ఆ నోట్ కిందకి వస్తుందా అన్నది చూసుకోవాలి. ఇంకొకటి, విస్తరణ అని దరఖాస్తు పెడితే ప్రజాభిప్రాయ సేకరణ కావాలా వద్దా అన్నది నిపుణుల కమిటీ నిర్ణయించే వీలుంది, దానంతటదే జరుగుతుందని ఊరుకోకూడదు. సేకరణ అంటూ పెడితే మాత్రం కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, ఒక జాతీయ పేపర్లో, ఒక స్థానిక భాష పేపర్లో వెయ్యాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్‌కి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, మొత్తం వీడియో తియ్యాలి. కోరం అక్కర్లేదు, అంటే పదిమందే వచ్చినా జరిగిపోయినట్టే. రాలేనివాళ్ళు రాసి పంపొచ్చు, ఆ రాసినదానికి కంపెనీ ఫైనల్ రిపోర్టులో జవాబు చెప్పాలి. అన్నిట్లోకీ నాకు నచ్చింది ఇదే, మైకులో మాట గాలికి పోతుంది, కాగితం ఫైల్లో ఉంటుంది.

మామూలుగా ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్లు అధ్యయన ప్రాంతం అంటారు. రంగైలుండ బరంపురానికీ గోపాల్‌పూర్‌కీ మధ్యలో ఉంది, అక్కణ్ణుంచి పది కిలోమీటర్ల సున్నా చుడితే బరంపురం బస్తీలు వస్తాయి, భంజబిహార్ యూనివర్సిటీ వస్తుంది, గోపాల్‌పూర్ వాడపేటలు, అంటే జాలరి పేటలు, వస్తాయి. గాలి, నీళ్ళు, చప్పుడు అన్నీ కొలిచేది కూడా సాధారణంగా ఒక్క సీజన్, అదీ వానాకాలం కాకుండా. ఇప్పుడు మీరే చెప్పండి, మొగలి కోతలు జోరుగా ఉండేది వానల్లో, మా చేలల్లో నీళ్ళు ఎటు పారతాయో తెలిసేది వానల్లో, మాఘమాసంలో వచ్చి కొలతలు తీసుకునేవాళ్ళకి ఎండిపోయిన కాలవ, పువ్వు లేని పొద కాక ఏం కనిపిస్తాయి? వాళ్ళ తప్పు అనను, వాళ్ళకి చెప్పిన సీజన్ అది. అందుకే వానాకాలంలో ఏం జరుగుతుందో మనమే చెప్పాలి.

నీళ్ళ గురించి ఇంకాస్త. రన్‌వే అంటే రెండు మూడు కిలోమీటర్ల పొడుగున అడ్డంగా కట్టిన గట్టులాంటిది, దానికడ్డొచ్చే కాలవలన్నిటినీ తూముల్లోకి నెట్టేస్తారు. చెన్నై విమానాశ్రయం రెండో రన్‌వేని అడయార్ నది మీదుగా పొడిగించారు, 2015 డిసెంబర్ వరదల్లో ఆ విమానాశ్రయం నీళ్ళలో మునిగి రోజుల తరబడి మూతపడింది. 2018 ఆగస్టులో కొచ్చి విమానాశ్రయం పెరియార్ వరదకి రెండు వారాలు మూతపడింది. అంత పెద్ద ఇంజనీర్లున్న చోటే అలా అయితే, మా దగ్గర? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఆ రాత్రి ఇంటి కప్పు ఎగిరిపోతుంటే అమ్మా నేనూ పక్కింటి మిద్దె మెట్ల కింద కూర్చున్నాం, తెల్లారి చూస్తే ఊరు ఊరంతా నీళ్ళు, అవి పోవడానికి దారిచ్చింది ఆ పాత కాలవలే, పేరు కూడా లేని కాలవలు. అలాంటి ప్రతి కాలవా డ్రాయింగ్‌లో ఉందా లేదా, ఎన్ని అడుగుల తూము పెడుతున్నారు, ఫైలిన్ నాటి వాన పడితే అది సరిపోతుందా, ఇవి అడగడానికి ఇంజనీర్ అయి ఉండక్కర్లేదు.

చప్పుడు సంగతి. మా వాళ్ళకి చప్పుడు కొత్త కాదు, గోపాల్‌పూర్ దగ్గర ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఫైరింగ్ రోజుల్లో సముద్రంలోకి వెళ్ళొద్దని చెప్తారు, పిల్లలు ఆ దెబ్బలు లెక్కపెడుతూ ఆడుకుంటారు. కానీ ఫైరింగ్‌కి రోజులుంటాయి, విమానానికి రోజూ టైం ఉంటుంది. 2000 సంవత్సరం శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. విమానాశ్రయాల చుట్టూ మాత్రం 2018లో వేరే ప్రమాణాలు తెచ్చారు, ఏడాదికి 50,000 పైన రాకపోకలుండే బిజీ విమానాశ్రయాలకి పగలు 70, రాత్రి 65, మిగతావాటికి 65, 60. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు, కాబట్టి 45కీ 60కీ మధ్య తేడా పదిహేను అంకెలే కదా అనుకోకండి. పైగా ఇది సగటు, పగలంతా కలిపి తీసే లెక్క. రోజుకి నాలుగు విమానాలే అయితే ఆ నాలుగు సార్లూ బడి గోడలు అదిరినా మిగతా పదిహేను గంటల నిశ్శబ్దంలో కలిసిపోయి సగటు చక్కగా హద్దులోపలే ఉంటుంది. ఉయ్యాల్లో పసిపిల్ల ఉలిక్కిపడి లేచేది సగటుకి కాదు కదా. అందుకే సగటుతో పాటు ఒక్కో విమానం వెళ్ళినప్పుడు గరిష్ఠంగా ఎంత చప్పుడు వస్తుందో, ఏ బడి మీంచి, ఏ ఆసుపత్రి మీంచి వెళ్తుందో రాసిమ్మని అడగాలి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం, ఎండుచేప. మా మేనత్తది వాడపేట, గోపాల్‌పూర్ పక్కన. మావయ్య వేటకెళ్ళినన్నాళ్ళూ అత్త చేపలు ఎండబెట్టి అమ్మింది, ఇప్పుడు కొడుకు వెళ్తున్నాడు, అత్త ఇంకా ఎండబెడుతూనే ఉంది. నెత్తళ్ళు, సావళ్ళు, ఇసక మీద పాత వలలు పరిచి ఆరేస్తారు, పైన గద్దలు తిరుగుతుంటాయి, కాకులు, కొంగలు, అత్త ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చేపల్ని తిరగేస్తూ ఉంటుంది. 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం ఒకటుంది, విమానాశ్రయం నుంచి పది కిలోమీటర్ల లోపల జంతువుల్ని కోయడం, చర్మం ఒలవడం, పక్షుల్ని ఆకర్షించే చెత్తా చెదారం పారెయ్యడం నిషేధం, మాంసం దుకాణాలు, చేపల దుకాణాల చెత్త కూడా అందులో వస్తుంది. నియమం తప్పని నేననను, ఇంజన్లోకి గద్ద దూరితే ఎన్ని ప్రాణాల మీదకొస్తుందో నాకు తెలుసు. కానీ చేప కడిగిన నీళ్ళు, తలలు, తోకలు ఇసకలో పారేసే పేటకి రేపు ఎవడో వచ్చి ఇది నేరం అంటే అత్త ఎక్కడికి పోవాలి? పర్యావరణ రిపోర్టులో పక్షుల గురించి ఒక అధ్యాయం ఉంటుంది, ఏ పక్షులు, ఎన్ని, ఎలా తోలాలి అని. ఆ పక్షులు ఎవరి చేపల కోసం వస్తున్నాయో కూడా ఆ అధ్యాయంలోనే ఉండాలి. వలకప్పు ఉన్న ఆరబెట్టే కళ్ళాలు, చేప వ్యర్థం రోజూ తీసుకెళ్ళే బండి, ఐస్ పెట్టెలు, ఇవి ప్రాజెక్టు ఖర్చులోనే పెట్టి, ఎంత డబ్బు, ఏ తేదీకి అని రాయాలి. తర్వాత చూద్దాం అన్నది మా పేటల్లో ఎన్నడూ చూడలేదు.

ఈ రిపోర్టులన్నీ వట్టి తంతు, ఎవడు చదువుతాడు అని మా షాపులోనే చాలామంది అంటారు. గోవాలో మోపా విమానాశ్రయం సంగతి వాళ్ళకి చెప్తుంటా. 2015 అక్టోబర్‌లో దానికి పర్యావరణ అనుమతి వచ్చింది. అది గోవా మహారాష్ట్ర హద్దు మీద ఉంటుంది, పక్కనే సింధుదుర్గ్ జిల్లా అడవులు. దరఖాస్తులో పదిహేను కిలోమీటర్ల లోపు ఉన్న అలాంటి చోట్ల గురించి చెప్పాల్సినవి సరిగ్గా చెప్పలేదని 2019 మార్చి 29న సుప్రీంకోర్టు ఆ అనుమతిని నిలిపేసింది, నిపుణుల కమిటీ మళ్ళీ చూడాలంది. 2020 జనవరిలో అదనపు షరతులతో, పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థ పర్యవేక్షణతో కోర్టు మళ్ళీ ఒప్పుకుంది, 2022 డిసెంబర్‌లో విమానాశ్రయం ప్రారంభోత్సవం అయింది, 2023 జనవరిలో విమానాలు మొదలయ్యాయి కూడా. అంటే విమానాశ్రయం ఆగలేదు, కానీ గీతకి అవతల ఉన్నవి లేనట్టు రాస్తే చెల్లదని తేలింది. హద్దు మీద బతికేవాళ్ళం మనం, మనకి ఇంతకన్నా పెద్ద కబురేముంటుంది. విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం కూడా చూశాం కదా, మొదట 15 వేల ఎకరాలు అని మొదలై జనం అడగ్గా అడగ్గా చివరికి సుమారు 2,200 ఎకరాల దగ్గరికొచ్చింది. అయినా మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్ళకి ఊళ్ళే లేచి వేరే చోటికి వెళ్ళాల్సొచ్చింది.

భాష దగ్గరికి మళ్ళీ వస్తా, నా గుండెలో ఉన్నది అదే. నోటిఫికేషన్‌లో రిపోర్టు సంక్షిప్తం ఇంగ్లీషులోనూ, రాష్ట్ర అధికార భాష లేదా స్థానిక భాషలోనూ ఉండాలని ఉంది. ఆ "లేదా" దగ్గరే మేం జారిపోతున్నాం, ఒడియాలో ఇచ్చేస్తే నియమం తీరిపోయినట్టే. ఒడియా మీద నాకు కోపం లేదు, అది నాకు అన్నం పెట్టే భాష, నా పిల్లలు చదివే భాష. కానీ స్థానిక భాష అంటే ఆ ఊళ్ళో, ఆ పేటలో జనం చదివే భాష అనే కదా అర్థం. 2020లో కేంద్రం కొత్త ఈఐఏ ముసాయిదాని హిందీ, ఇంగ్లీషుల్లోనే పెట్టి అభిప్రాయాలు చెప్పమంటే, జూన్ 30న ఢిల్లీ హైకోర్టు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకీ అనువాదం చేయించమని చెప్పి గడువు ఆగస్టు 11 దాకా పెంచింది. దేశానికంతటికీ పనికొచ్చిన మాట మా పేటకి పనికిరాదా? ఏ ప్రాంతంలోనైనా 15 శాతం పైన మాట్లాడే అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన నోటీసులు వెయ్యాలన్నది కూడా ఎప్పటినుంచో రాష్ట్రాలు ఒప్పుకున్న రక్షణే. ఇంకా పెద్దది, రాజ్యాంగం 350వ అధికరణ. ఎవరైనా తమ కష్టం గురించి కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. అంటే తెలుగులో రాసి ఒడిశా కలెక్టర్ ఆఫీసులో ఇవ్వొచ్చు. తీసుకోం అంటే ఈ నంబర్ చెప్పండి, 350. నేను షాపులో గోడకి రాసి అంటించా.

పోయిన ఆదివారం పెద్దమ్మ బస్సెక్కి షాపుకొచ్చింది. సేకరణ ఎప్పుడో, ఉంటుందో ఉండదో, ఇప్పుడే రాసి పెట్టుకుందాం, పంచాయతీకి ఒకటి, కలెక్టర్‌కి ఒకటి పంపుదాం, రేపు సర్వే అని ఎవరొచ్చినా ఈ కాగితం చేతిలో పెడదాం అన్నాను. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఆవిడ చెప్తుంటే టైప్ చేశా. నేను "మా ప్రాంతంలో మొగలి పొదలు విస్తారంగా ఉన్నాయి" అని మొదలెట్టి చదివి వినిపిస్తే "ఇస్తారంగా అంటే ఎన్నని ఆళ్ళకి తెలుస్తాది? పేర్లు రాయి" అంది. వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతూ చెప్పింది, రాయి గట్టు మీద పదిహేడు, కుమ్మరోళ్ళ కాలవ పక్కన తొమ్మిది, అందులో రెండు ఆడవి, పువ్వు రాదు, అవి కూడా రాయి, ఇసకని పట్టుకునేవి అయ్యే. తాటితోపు మూల ఆరు. శ్రావణంలో ఏ రోజు ఎన్ని కోసింది, పువ్వుకి ఎంతిచ్చారు, కోయడానికి తనతో పాటు ఎవరెవరొస్తారు, అందరి పేర్లూ. నాలుగు పేజీలయ్యాయి. ప్రింట్ తీసి మొత్తం చదివా, కళ్ళు మూసుకుని వింది, అయ్యాక కాసేపు ఏం మాట్లాడలేదు. "సెరువు గట్టు మర్సిపోయినావు" అంది. మళ్ళీ టైప్ చేసి మళ్ళీ ప్రింట్ తీశా. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది, నాలుగు పేజీల మీదా పెట్టింది.

సోమవారం స్పీడ్ పోస్టులో పంపించా, రసీదు ఫొటో పెద్దమ్మ మనవడి ఫోన్‌కి పంపా. రంగైలుండ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, గోపాల్‌పూర్ పేటలవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీ గట్ల పేర్లు, కాలవల పేర్లు, చేపలు ఆరేసే చోట్లు, బడి ఎక్కడుందో ఒక కాగితం మీద రాసుకుని రండి, రాయడం రాకపోతే ఊరికే వచ్చి చెప్పండి. ఆదివారాలు మధ్యాహ్నం దాకా షాపులోనే ఉంటా, వీటికి టైపింగ్ డబ్బులు తీసుకోను. వచ్చేటప్పుడు ఆధార్ జిరాక్స్ తెచ్చుకోండి, అది కూడా జత చేద్దాం.